ఉప్పెన వెళ్ళిన మర్నాడు

తుఫానుల చరిత్ర రాసేవాళ్ళంతా ఒకచోట ఆగిపోతారు. గాలి ఎంత వేగంగా వీచింది, అల ఎంత ఎత్తు లేచింది, ఎందరు పోయారు, ఎన్ని ఇళ్ళు కూలాయి - ఇంతవరకూ రాసి, కింద ఒక గీత గీసి, తరువాతి కలెక్టరుగారి హయాంలోకి వెళ్ళిపోతారు. మర్నాడు పొద్దున్న ఆ ఊరివాళ్ళు లేచి ఏం చేశారో ఏ పుస్తకంలోనూ కనబడదు. ఏం చేస్తారండీ! చీపురు వెతుక్కుంటారు. చీపురు కొట్టుకుపోతే పక్కింటివాళ్ళని అడుగుతారు. వాళ్ళదీ కొట్టుకుపోతే ఇద్దరూ కలిసి పడిపోయిన కొబ్బరిమట్ట ఒకటి లాక్కొచ్చి, ఈనెలు చీరి కట్టుకుంటారు. నా మటుకు నాకు అసలు చరిత్ర అక్కణ్ణుంచే మొదలవుతుందనిపిస్తుంది.

నాది దివిసీమ. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలై, మధ్యన కాస్త నేలను ఒడిలో పెట్టుకుని సముద్రంలో కలుస్తుంది. ఆ ఒడిలోని నేలే మాది. చుట్టూ నీళ్ళే కాబట్టి నీళ్ళ సంగతి మాకు కొంచెం ఎక్కువ తెలుసని మా గొప్ప.

తుఫాను అనేది బయటినుంచి వచ్చిన మాట. సైక్లోను మరీ దూరపు చుట్టం. కలకత్తాలో ఉండే హెన్రీ పిడ్డింగ్టన్ అనే దొర 1848లో గ్రీకు భాషలోంచి తీసి తయారుచేసిన మాట అది. చుట్టచుట్టుకున్న పాము అని దాని భావం. మన గోదావరి మొగదల కోరంగి రేవును 1789లో మూడు అలలు వరసగా వచ్చి ముంచేసిన సంగతి కూడా ఆయన రాతల్లోకి ఎక్కింది. ఉప్పెన మాత్రం మా తీరంవాళ్ళ సొంత మాట. గాలివాన పైనుంచి వస్తుంది, వరద ఎగువనుంచి వస్తుంది, ఉప్పెన దిగువనుంచి వస్తుంది. వరద పోతూ పోతూ ఒండ్రు పెట్టిపోతుంది, మరుసటి ఏడు పంట బాగా పండుతుంది. ఉప్పెన ఉప్పు పెట్టిపోతుంది. ఈ తేడా పండితుడికంటె చీపురు పట్టుకున్నవాడికి బాగా తెలుస్తుంది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదికి 13 అడుగుల అల వచ్చింది. 30 వేలమంది పోయారని గెజెటీర్లలో ఉంది. మా నాయనమ్మకు గెజెటీరు తెలియదు, 1864 అనే అంకె తెలియదు. ఆవిడ దాన్ని 'బందరు ఉప్పెన' అనేది. ఆవిడ నాయనమ్మ ఆ ఉప్పెన నాటికి కొత్తగా కాపరానికొచ్చిన పిల్లట. ఆ పెద్దావిడ దగ్గర్నుంచి మా నాయనమ్మకు సంక్రమించిన ఆస్తి రెండే రెండు: ఒకటి కాసులపేరు, అది మా తాతయ్య అప్పుల్లో కలిసిపోయింది. రెండోది ఉప్పెన వెళ్ళాక ఇల్లు ఎలా బాగుచేసుకోవాలో చెప్పే నాలుగు ముక్కలు.

"ముందు నుయ్యి. తరవాత గొడ్లసావిడి. ఆ తరవాత పొయ్యి. చివర్న దేవుడు."

మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఎంతో మడీ ఆచారం ఉన్న మనిషి, దేవుణ్ణి చివర్న పెడుతుందేమిటని. "దేవుడు ఆగుతాడురా, దప్పిక ఆగదు" అనేది.

ఆ నాలుగు ముక్కలతో పని పడుతుందని ఎవరనుకున్నారు?

1977 నవంబరు 19, శనివారం. అప్పుడు నేను ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. కార్తీకమాసం, పొలాల్లో వరి కోతకు వంగి ఉంది. సంక్రాంతికి అక్కయ్యకు పెళ్ళి సంబంధాలు చూడాలని నాన్న లెక్కలు వేసుకుంటున్నాడు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. ప్రతి ఏడూ చెప్పేదే గదా అనుకున్నాం. సాయంత్రం దాటాక సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున, అంటే మనిషికి మూడు నిలువుల మేర లేచి, భూమ్మీదికి నడిచి వచ్చింది. పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి వచ్చింది. మా ఊరు దాని చివరి అంచున ఉంది. మా వాకిట్లోకి వచ్చేసరికి దాని బలం తగ్గి నడుములోతు నీళ్ళయింది. ఆ రాత్రి మా అటకమీద ఏడుగురం మనుషులం, ఒక పిల్లి, దూలానికి చుట్టుకుని ఒక తాచుపాము. ఎవరి జోలికి ఎవరూ పోలేదు.

మాకు దిగువనున్న ఊళ్ళకి అటక కూడా మిగల్లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి - ఆ పేర్లు ఆ వారమంతా దేశం నలుమూలలా పత్రికల్లో కనబడ్డాయి. పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలో పదివేలకు అటూఇటూ. పద్నాలుగువేలు దాటారన్న లెక్కా ఉంది. ఇదీ పుస్తకాల్లో ఉన్న సంగతి. ఇక లేని సంగతి చెబుతాను.

తెల్లవారింది. అటక దిగాం. మొదట తెలిసింది నిశ్శబ్దం. ఒక్క కాకి లేదు. చెట్లన్నీ ఎవరో మంటపెట్టినట్టు ఆకులు మాడి నిలబడి ఉన్నాయి. ఉప్పు గాలి అలా చేస్తుందిట. ఇంట్లో మోకాలి దిగువదాకా బురద. ఆ బురదలో మా మంచం, పక్కవీథివాళ్ళ తలుపు, ఎవరిదో తిరగలి. వడ్ల గాదె నానిపోయి, పగిలి ఉంది. నాన్న దాని ముందు గొంతుక్కూచున్నాడు. మాట్లాడలేదు. అమ్మ దేవుడి గూట్లోంచి పటాలు తీసి కొంగుతో తుడవబోయింది.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి అంది: "ఒరే పెద్దాడా, లే. నుయ్యి చూడు."

మా ఊళ్ళో మంచినీళ్ళ నుయ్యి ఒకటే, రావిచెట్టు కింద. అది ఊరివాళ్ళది. పేటవాళ్ళకి అవతల ఒక గుంట ఉండేది. 1977లో కూడానా అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. 1977లో కూడా. ఆ పొద్దున పేటలో ఒక్క గుడిసె లేదు, గుంట ఉన్న చోటే తెలియడం లేదు. మనుషులంతా కాలవగట్టు మీద చేరారు.

వెళ్ళి చూద్దుము గదా, నూతిలో ఒక దూడ చచ్చి తేలుతోంది. మామూలు రోజుల్లో అయితే ఏం చేసేవాళ్ళమో చెప్పక్కర్లేదు. పేటకు కబురుపెట్టి ఎవర్నో పిలిపించి, దింపించి, నాలుగు మానికలు గింజలు కొలిచి, తరవాత నూతికి శుద్ధి చేయించేవాళ్ళం. ఆ రోజు కబురు పెట్టడానికి పేట లేదు, కొలవడానికి గింజలు లేవు. మా బాబాయి చొక్కా విప్పాడు. పేట కుర్రాడొకడు గట్టుమీదినుంచి చూసి, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఇద్దరూ ఒకే మోకు నడుముకు కట్టుకుని దిగారు. పైన మోకు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. లోపలినుంచి "చినబాబుగారూ, జారుద్దండీ" అని వాడంటుంటే, "నువ్వు జాగ్రత్త తమ్ముడూ" అని బాబాయి అనడం మేమంతా విన్నాం. అంతకుముందెప్పుడూ బాబాయి వాణ్ణి 'ఒరే' అనడం తప్ప విని ఎరగం.

తరవాత నుయ్యి తోడడం. బిందెలు, చేదలు, కిరసనాయిలు డబ్బాలు, ఆఖరికి బడి గంట పక్కనుండే బాల్చీ - దొరికిందల్లా తెచ్చాం. నూతి దగ్గర్నుంచి మురుక్కాలవ దాకా మనుషుల వరస. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చూసుకునే ఓపిక లేదు. సాయంత్రానికి అడుగు కనబడింది. మేం సంబరపడిపోయి ఇంకా తోడబోతే నాయనమ్మ వచ్చి ఆపేసింది.

"ఒక్కనాడే పీల్చెయ్యకండి. అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. తోడండి, ఆపండి, ఊరనివ్వండి, మళ్ళీ తోడండి."

ముసలావిడ చాదస్తం అనుకున్నాం. ఇరవైయేడేళ్ళ తరువాత, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. శ్రీలంక తూర్పు తీరంలో వేలకొద్దీ బావులు ఉప్పు పట్టిపోయాయి. పాపం అక్కడివాళ్ళు పంపులు పెట్టి గబగబా తోడేశారు. అలా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి లేచి బావి ఇంకా పాడవుతుందనీ, నిదానించాలనీ నిపుణులు చెప్పారు. ఇసక నేలలో తియ్యని నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుందిట. ఆ సంగతి పేపర్లో చదివిన రోజు నాయనమ్మ ఫొటోకి నేనొక దణ్ణం పెట్టాను.

నుయ్యి తరువాత గొడ్లసావిడి. దాన్ని గురించి ఎక్కువ రాయను. కట్టు తాళ్ళు విప్పేందుకు ఆ రాత్రి నాన్నకు వ్యవధి దొరకలేదు. ఆయన చివరిదాకా ఆ మాట మోశాడు. మొత్తం వీథివాళ్ళం కలిసి ఊరి చివర గుంటలు తీసి, సున్నం చల్లి పూడ్చాం.

మూడోనాడు గిన్నెల పంచాయతీ మొదలైంది. మన ఆడవాళ్ళకి గిన్నెలమీద పేర్లు కొట్టించే అలవాటుంది గదా. మగవాళ్ళం దాన్ని ఎప్పుడూ వేళాకోళం చేస్తుంటాం. బురదలోంచి, ముళ్ళకంపల్లోంచి, చేలల్లోంచి తీసిన ఇత్తడి సామానంతా రచ్చబండ మీద గుట్టపోశారు. చదువొచ్చిన కుర్రాళ్ళం పేర్లు చదవడం, ఆడవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళడం. మా పిన్ని పోపులడబ్బా, ఆవిడతో పదేళ్ళుగా మాటల్లేని ఎదురింటావిడ దొడ్లో దొరికింది. ఆవిడే కడిగి తెచ్చి ఇచ్చింది. "ఇంగువ మాత్రం పోయిందమ్మా" అంది. ఇద్దరూ పకపక నవ్వారు, ఆ తరవాత ఇద్దరూ ఏడ్చారు.

సాయంత్రానికి గుట్ట తరిగింది. ఒక బిందె మిగిలింది. దాని మెడమీద ఒక ఆడమనిషి పేరు. మా ఊళ్ళో ఆ పేరుగలవాళ్ళు లేరు. దిగువనుంచి కొట్టుకొచ్చిందని అందరికీ అర్థమైంది, ఎవరూ పైకి అనలేదు. నాయనమ్మ దాన్ని చింతపండుతో తోమి, "మనిషొస్తే ఇద్దాం, వచ్చేదాకా నూతి దగ్గరుంటుంది, అందరికీ పనికొస్తుంది" అని నూతి గట్టుమీద పెట్టించింది.

బాబాయీ, ఆ పేట కుర్రాడూ, మరో పదిమందీ దిగువకు వెళ్ళారు. అప్పటికే రకరకాల సంస్థలవాళ్ళు, విద్యార్థులు, సన్యాసులు, ఎక్కడెక్కడివాళ్ళో ముక్కులకు గుడ్డలు కట్టుకుని అక్కడ పనిచేస్తున్నారు. ఊళ్ళు శుభ్రం చెయ్యడమంటే అక్కడ అర్థం వేరు. విడివిడిగా కర్మకాండ చేసే వీల్లేదు, ఎవరు ఎవరో తెలియదు. చితులు పేర్చి, కిరసనాయిలు పోసి, కులం గోత్రం అడక్కుండా సాగనంపారు. బాబాయి తొమ్మిదిరోజుల తరవాత తిరిగొచ్చి, కాలవలో మునిగి, ఇంట్లోకి వచ్చి పడుకున్నాడు. అమ్మ అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచాడు. చాలాకాలం దాకా ఆయన చేపలు ముట్టలేదు.

పెద్దవాళ్ళూ వచ్చారు. రామారావుగారూ నాగేశ్వరరావుగారూ జోలెపట్టి వీథుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరీసా వచ్చారు. మా అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావుగారు, రెండేళ్ళ క్రితమే హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన ఆయన, మా మనుషులను నిలబెట్టే పనిలో పడ్డారు. ఈ సంగతులు రాసినవాళ్ళున్నారు. ఆ రుణం మేమెవరం మరిచిపోం. కాని బియ్యం బస్తాతోబాటు ఒక పార కూడా ఇచ్చినవాణ్ణి మా ఊళ్ళో ఇంకా ఎక్కువ తలుచుకుంటారు. ఇచ్చినది తినడం కంటె, చేతిలో పని ఉండడం ఆ రోజుల్లో మనిషిని నిలబెట్టింది. పార చేతిలోకి వచ్చాకే మా నాన్న గాదె ముందునుంచి లేచాడు.

పొలాల కథ పొడుగు. ఉప్పు నేలను చీపురుతో ఊడవలేం. చేనుకు గట్టు వేసి, కాలవనీరు నిండా పెట్టి, ఉప్పు కరగనిచ్చి, మురుక్కాలవలోకి వదలాలి. మళ్ళీ పెట్టాలి, మళ్ళీ వదలాలి. ఎగువవాడు వదిలిన ఉప్పు దిగువవాడి చేలో పడకూడదు. అంచేత ఎవరికి వాడు కడుక్కుంటే పని జరగదు, ఆయకట్టు మొత్తం ఒక్క ఇల్లులా కడగాలి. అంగుళం గట్టు కోసం కోర్టుకెక్కినవాళ్ళు కూడా ఆ సంవత్సరం ఒకరి గట్టు ఒకరు కోసుకోనిచ్చారు.

నూతిని మూడు విడతలు తోడాం. బ్లీచింగు పౌడరు వేశారు. నీళ్ళు బాగుపడ్డాయని ఎలా తెలుస్తుంది? నాయనమ్మ దగ్గర దానికీ ఒక పరీక్ష ఉంది. కందిపప్పు ఉడకాలి. ఉప్పునీళ్ళలో ఎన్ని గంటలు మంట పెట్టినా పప్పు రాళ్ళలాగే ఉంటుంది. వారానికోసారి ఒక గుప్పెడు పప్పు వేసి చూసేది. మా వీథంతా ఆ కుండకేసి చూసేది. సంక్రాంతి నాలుగురోజులుందనగా పప్పు మెత్తబడింది. ఆ పూట ఇంటింటా ముద్దపప్పే. పేటవాళ్ళు వాళ్ళ కుండలతో వచ్చి, ఆ పేరున్న బిందెతోనే నీళ్ళు తోడుకున్నారు.

ఇక్కడ కథ ఆపేస్తే బాగుంటుంది. కాని జరిగింది రాయాలి గదా. ఎండాకాలానికి పేటవాళ్ళకు వేరే బోరు వేశారు. 'వాళ్ళ నీళ్ళు వాళ్ళకి వచ్చాయిగా' అని ఒకరన్నారు, నలుగురు తలలూపారు. మా నాన్న కూడా ఊపాడు. రాతకోతలు, తీర్మానం ఏమీ లేవు. రావిచెట్టు కింద మళ్ళీ పాత రోజులు వచ్చాయి. నేను అక్కడే ఉన్నాను, పెదవి కదపలేదు. నాయనమ్మ మాత్రం మర్నాడు వెళ్ళి బిందె తెచ్చి మా ఇంట్లో పెట్టింది. "అందరికీ అన్నాను, అందరికీ కానప్పుడు అక్కడెందుకు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. బాబాయి మాత్రం ఆ కుర్రాణ్ణి జీవితాంతం తమ్ముడనే పిలిచాడు. ఉప్పెన అంత బురద తెచ్చింది, అదంతా ఎత్తిపోశాం. పాత మురికి మాత్రం మాతోనే ఉండిపోయింది.

తరువాత తుఫానుల కాపలా బాగా మెరుగుపడింది. తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి, సరుగుడు తోటలు పెరిగాయి. 1990 మే 9న అంతటి తుఫానే మళ్ళీ మా కృష్ణా డెల్టా మీదికి వచ్చింది. ఈసారి లక్షలమందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యికి లోపే. పదమూడేళ్ళలో అంత తేడా! 1996 నవంబరులో కోనసీమ కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా నేలకొరిగాయి. పడ్డ చెట్టును ముక్కలు చేసి మొయ్యడానికి ఒక రోజు చాలు, దాని స్థానంలో మరొకటి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఇక 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. అప్పుడు నేను విశాఖపట్నంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. నాలుగంతస్తుల అపార్టుమెంటు. మర్నాడు పొద్దున కిందికి దిగితే చెట్లన్నీ రోడ్డుమీద, కిటికీ అద్దాలన్నీ వాకిట్లో. ఊరంతా పచ్చదనం ఒక్క రాత్రిలో గోధుమరంగయింది. ఆ మాడిన ఆకుల్ని నేను ముప్పై ఏడేళ్ళ తరవాత గుర్తుపట్టాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడేళ్ళనుంచి లిఫ్టులో తల వంచుకుని నిలబడే పెద్దమనుషులు, మొదటిసారి ఒకళ్ళ పేరు ఒకళ్ళు అడుగుతున్నారు. ఎవరి గుమ్మం వాళ్ళు ఊడ్చుకుంటున్నారు. పై అంతస్తు చెత్త కింది అంతస్తుకు వస్తోంది.

నేను చెప్పకుండా ఉండలేకపోయాను. "ముందు సంపు చూడండి" అన్నాను.

మూత ఎగిరిపోయి, సంపు నిండా మురుగు, ఆకులు. మోటారు నడవదు. ఒక ఇంజనీరుగారు తాడు తెచ్చారు, వాచ్‌మన్ దిగాడు. 'ఒక్కడూ ఎందుకు' అంటూ మా అల్లుడు లుంగీ ఎగగట్టి తనూ దిగాడు. పైనుంచి బకెట్ల వరస. మూడో అంతస్తు పెద్దావిడ ఆ వరసలో నిలబడలేక, "అయ్యో, దేవుడి గది ఇంకా కడగలేదండీ" అంది. నా నోట్లోంచి మా నాయనమ్మ మాట అప్రయత్నంగా వచ్చేసింది. ఆవిడ ఒక్క క్షణం నాకేసి చూసి, బకెట్టు అందుకుంది.

ఆ ఏడు దీపావళి అక్టోబరు 23న వచ్చింది. వీథుల్లో ఎండిన కొమ్మలు గుట్టలుగా పడి ఉన్నాయి, నిప్పురవ్వ పడితే ప్రమాదమని టపాకాయలు వద్దన్నారు. మా అపార్టుమెంటువాళ్ళు మెట్లమీద ప్రమిదలు పెట్టుకున్నారు. వాచ్‌మన్ భార్య కూడా మా అమ్మాయి పక్కన కూచుని వత్తులు వేసింది. మరుసటి ఏడు కూడా అలాగే కూచుందా అని అడక్కండి. నేను ఊరెళ్ళిపోయాను. వెళ్ళేముందు మాత్రం మా మనవరాలికి నాలుగు ముక్కలూ బట్టీ పట్టించాను. ముందు నుయ్యి, తరవాత గొడ్లసావిడి, ఆ తరవాత పొయ్యి, చివర్న దేవుడు.

"గొడ్లసావిడి అంటే ఏంటి తాతయ్యా?" అంది.

"కార్లు పెట్టుకునే చోటు అనుకోవే" అన్నాను.

ఆ బిందె మా ఇంట్లోనే ఉంది. ఏడాదికోసారి చింతపండుతో తోముతాం. మనిషి ఇంకా రాలేదు.